శాస్త్రవేత్త ముఖం చెక్కితే సరిపోతుందా?

(చిత్రకళ, శిల్పకళ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

స్త్రీ శాస్త్రవేత్తల గురించి, వాళ్ళు కనుక్కున్న విషయాల గురించి ఇప్పుడు ప్రపంచంలో చాలా కళాకృతులు వస్తున్నాయి. కంచులో పోతపోసినవి, కాగితాలు కత్తిరించి అతికించినవి, నూలుతో అల్లినవి, గుడ్డ మీద కుట్టినవి ఉన్నాయి. వాటిలో కొన్నంటే నాకు ప్రాణం. కొన్ని ఎంతో శ్రమపడి చేసినవే అయినా చూసినప్పుడు ఏదో వెలితి తోస్తుంది. ఆ వెలితి ఎక్కడుందో మీతో మాట్లాడదామని వచ్చాను. రేపు మీలో ఎవరికో ఒక శాస్త్రవేత్త విగ్రహం చెయ్యమని పని వస్తుంది. అప్పుడు మట్టి పిసకడానికి ముందు ఈ మాటలు ఒకసారి గుర్తొస్తే నాకు సంతోషం.

వియన్నాతో మొదలుపెడతాను. అక్కడి విశ్వవిద్యాలయం ప్రధాన భవనం నడుమ పెద్ద ప్రాంగణం ఉంది. చుట్టూ కమానుల వసారా, ఆ వసారా పొడవునా విశ్వవిద్యాలయం గౌరవించిన పండితుల స్మారకాలు. అవి పెరిగి పెరిగి 154 అయ్యాయి. 2016 దాకా వాటిలో స్త్రీది ఒక్కటే, అది కూడా మరీ ఫాన్ ఎబ్నర్-ఎషెన్‌బాఖ్ అనే రచయిత్రి పేరిట పెట్టిన ఫలకం. స్త్రీ శాస్త్రవేత్త ఒక్కరు కూడా లేరు. ప్రాంగణం మధ్యలో మాత్రం ఒక స్త్రీమూర్తి ఉంది. ఆమె కస్టాలియా, గ్రీకు పురాణాల్లోని నీటి ఊట దేవత. ఎడ్మండ్ హెల్మర్ 1910లో చేసిన శిల్పం. చుట్టూ ఉన్న పురుషులకు ప్రేరణ ఇస్తూ కూర్చోవడమే ఆమె పని.

2009లో ఇరిస్ ఆండ్రాషెక్ అనే కళాకారిణి ఆ ప్రాంగణంలో ఒక కొత్త పని చేశారు. కొత్త విగ్రహం నిలబెట్టలేదు. కస్టాలియా లేచి నిలబడి పిడికిలి ఎత్తితే ఆమె నీడ ఎలా పడుతుందో ఆ నీడను నేలలో నల్లరాతితో పొదిగించారు. ఆ పనికి పెట్టిన పేరుకు ‘ఇక చాలంటోంది కళాదేవత’ అని అర్థం. ఎండ ఎటు తిరిగినా ఆ నీడ కదలదు. విద్యార్థులు రోజూ దాని మీద నుంచే నడిచి తరగతులకు వెళ్తారు. ఏడేళ్ళ తర్వాత, 2016లో, అదే ప్రాంగణంలోకి ఏడుగురు స్త్రీల స్మారకాలు వచ్చాయి. వాళ్ళలో అణుభౌతిక శాస్త్రవేత్త లీజె మైట్నర్, 1956లో ఆ విశ్వవిద్యాలయంలో పూర్తిస్థాయి ఆచార్యురాలైన తొలి మహిళ బెర్టా కార్లిక్, గణిత శాస్త్రవేత్త ఓల్గా టౌస్కీ-టాడ్ ఉన్నారు.

ఈ ఏడు స్మారకాలు రావలసినవే. అందులో నాకు అనుమానం లేదు. అయినా నన్ను ఎక్కువగా కదిలించింది ఆ నీడ. ఎందుకంటే ఏడు స్మారకాలు ‘మేమూ ఉన్నాం’ అని చెబుతాయి. నీడ అయితే ఇన్నాళ్ళూ ఎందుకు లేరో చూపిస్తుంది. అంటే అది ఆలోచన చేస్తుంది. మైట్నర్ బొమ్మను ఎంత అందంగా చెక్కినా, బెర్లిన్‌కు వచ్చిన కొత్తలో ఆమెను పై అంతస్తుల ప్రయోగశాలల్లోకి అడుగుపెట్టనివ్వలేదనీ, కిందనున్న పాత వడ్రంగి గదిలో, వేరే ద్వారం గుండా వచ్చిపోతూ పనిచేశారనీ ఆ బొమ్మ చెబుతుందా? పరమాణు కేంద్రకం రెండుగా చీలడాన్ని ఆమె లెక్కగట్టి వివరించారని చెబుతుందా? ముఖం ఆ సంగతులు చెప్పలేదు. శిల్పి మరో దారి వెతకాలి.

ఇంగ్లండులో లైమ్ రీజిస్ అనే సముద్రతీర పట్టణంలో 2022 మే 21న మేరీ యానింగ్ కంచు విగ్రహం ఆవిష్కరించారు. శిల్పి డెనిస్ డటన్. అక్కడ విగ్రహం లేదేమని ఒక బడిపిల్ల అడగడంతో మొదలైన ఉద్యమం అంతవరకూ వచ్చింది. యానింగ్ 1799లో పుట్టి 1847లో చనిపోయారు. పేద వడ్రంగి కూతురు. తుపాను తర్వాత కొండచరియలు విరిగిపడినప్పుడు బయటపడే శిలాజాలను ఏరి అమ్ముకుని బతికారు. 1823లో ప్లీసియోసార్ అనే, ఎప్పుడో అంతరించిన సముద్ర సరీసృపం అస్థిపంజరాన్ని దాదాపు పూర్తిగా వెలికితీశారు. ఆమె తీసిన ఎముకల మీద లండన్ భూగర్భ శాస్త్రజ్ఞుల సంఘంలో పురుషులు చర్చలు జరిపారు. ఆ సంఘం స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడానికి 1919 దాకా పట్టింది. డటన్ ఆమెను నడుస్తున్నట్టుగా చేశారు. చేతిలో సుత్తి, పక్కన కుక్క ట్రే. నిజంగా ఆమె వెంట తిరిగిన కుక్క అది, కొండచరియ విరిగిపడి చనిపోయింది. చూడండి, ఇక్కడ ఒక మెట్టు ఎక్కాం. ముఖంతో పాటు పనిముట్టు, నడక, ప్రమాదం కూడా శిల్పంలోకి వచ్చాయి.

అమెరికాలో మరో మార్గం తొక్కారు. ఇప్పుడు బతికి పనిచేస్తున్న స్త్రీ శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు 120 మందికి నిలువెత్తు బొమ్మల్ని త్రీడీ ప్రింటర్లతో నారింజ రంగులో తయారుచేసి 2021లో డల్లాస్‌లో, 2022లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ తోటల్లో నిలబెట్టారు. కళగా వాటి గురించి నేను ఎక్కువ చెప్పలేను, అన్నీ ఒకే రంగు, ఒకే నునుపు. కానీ ఒక చిన్నపిల్ల ఆ బొమ్మల మధ్య నిలబడి తన ఎత్తును వాటితో పోల్చుకునే అవకాశాన్ని నేను తక్కువ చెయ్యను. అది కళ చెయ్యవలసిన పనుల్లో ఒకటి. నా బాధ ఏమిటంటే చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.

డొరోతీ హాడ్జ్‌కిన్ సంగతి చూడండి. పెన్సిలిన్ అణువు నిర్మాణాన్ని 1945 నాటికి తేల్చిన రసాయన శాస్త్రవేత్త. 1964లో నోబెల్ వచ్చింది. స్ఫటికం గుండా ఎక్స్‌కిరణాలు పంపి, ఫిల్ము మీద పడే చుక్కలను కొలిచి, ఆ కొలతల నుంచి అణువులో ఎలక్ట్రాన్లు ఎక్కడ దట్టంగా ఉన్నాయో లెక్కగట్టడం ఆమె పద్ధతి. ఆ లెక్కల్ని పెర్‌స్పెక్స్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పలకల మీద, పటాల్లో కొండల ఎత్తులు చూపే గీతల్లాగా, గీసేవారు. పలకలన్నీ ఒకదానిపై ఒకటి పేర్చి పైనుంచి చూస్తే అణువు గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తుంది. ప్రయోగశాలలో అవసరం కోసం పుట్టిన వస్తువది. నన్నడిగితే ఆ కాలపు గొప్ప శిల్పాల్లో దాన్నీ చేర్చాలంటాను.

హాడ్జ్‌కిన్‌కు 28 ఏళ్ళ వయసులోనే కీళ్ళవాతం వచ్చింది. వేళ్ళు వంకర తిరిగాయి. ఆ చేతులతోనే స్ఫటికాలను అమర్చారు. హెన్రీ మూర్ అంతటి శిల్పి 1978లో ఆమెను గీసినప్పుడు ముఖాన్ని వదిలేసి ఆ చేతుల్నే గీశారు. 1985లో మ్యాగీ హ్యాంబ్లింగ్ వేసిన వర్ణచిత్రంలో ఆమెకు నాలుగు చేతులుంటాయి. బల్ల మీద కాగితాలు, అణువు నమూనా, వాటి మధ్య ఒకేసారి అన్ని పనులూ చేస్తున్న చేతులు. ఆ రెండు పనుల్లోనూ కళాకారులు శాస్త్రవేత్త పనిని చాలాసేపు గమనించారని తెలుస్తుంది. అదే హాడ్జ్‌కిన్‌కు నోబెల్ వచ్చినప్పుడు పత్రికలు ‘గృహిణి’ అని శీర్షిక పెట్టాయి. ఈ ‘గృహిణి’ దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు నక్షత్రాలు. హార్వర్డ్ వేధశాలలో దూరదర్శినితో తీసిన గాజు ఫలకాలు ఐదు లక్షలకు పైగా ఉన్నాయి. వాటిని చూసి, కొలిచి, రాసే పనికి స్త్రీలను గంటకు కొన్ని సెంట్ల జీతం మీద పెట్టుకున్నారు. వాళ్ళలో హెన్రియెట్టా లెవిట్ ఒకరు. ప్రకాశం పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాలను పట్టుకోవడం ఆమె పని. ఒకే ఆకాశ భాగాన్ని వేర్వేరు రాత్రుల్లో తీసిన ఫలకాలు తీసుకుని, ఒకదాని నెగటివును మరోదాని పాజిటివు మీద పెట్టి చూస్తారు. మారని నక్షత్రాలు ఒకదాన్నొకటి కప్పేస్తాయి. మారినది బయటపడుతుంది. ఇలా మాగెల్లాన్ మేఘాలనే దూరపు నక్షత్రాల గుంపుల్లో 1,777 నక్షత్రాల జాబితాను 1908లో ప్రచురించారు. 1912లో వాటిలో 25 నక్షత్రాల మీద ఒక సూత్రం తేల్చారు. మినుకుమనే వ్యవధి ఎంత ఎక్కువైతే ఆ నక్షత్రం అసలు ప్రకాశం అంత ఎక్కువ. దూరం తెలుసుకోవడానికి అదొక కొలబద్ద అయింది. మన పాలపుంత బయట వేరే నక్షత్ర మండలాలున్నాయని ఖగోళ శాస్త్రవేత్త హబుల్ తేల్చింది ఆ కొలబద్దతోనే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఒక బొమ్మను మరో బొమ్మ మీద పెట్టి, రెండింటి మధ్య తేడాలో అర్థాన్ని వెతకడం. ముక్కలు కత్తిరించి అతికించి కొలాజ్ చేసేవాళ్ళకు ఇది కొత్త పనా?

అందుకే లెవిట్ ఇప్పటి కళాకారులను ఇంతగా పట్టుకుంది. ఆనా ఫాన్ మెర్టెన్స్ అనే కళాకారిణి 2018లో హార్వర్డ్‌కే చెందిన రాడ్‌క్లిఫ్ సంస్థలో లెవిట్ పని మీద ఒక ప్రదర్శన పెట్టారు. నల్లని నూలుగుడ్డ మీద నక్షత్రాల దారులను చేతికుట్టుతో కుట్టారు, గాజు ఫలకాల మీది చుక్కలను పెన్సిలుతో కాగితం మీదికి తెచ్చారు. ఒక్కొక్క చుక్క దగ్గర అంతసేపు కూర్చుంటే తప్ప లెవిట్ ఓపిక ఏమిటో అర్థం కాదు. చూసేవాళ్ళకూ అదే అనుభవం. మొదట నల్లగుడ్డ. దగ్గరికి వెళ్ళాక కుట్టు. ఇంకాసేపటికి ఆకాశం.

లాస్ ఏంజెలెస్‌కు చెందిన లియా హాలరన్ అదే హార్వర్డ్ స్త్రీల పనిని నీలిముద్రల్లోకి తెచ్చారు. పారదర్శకమైన పొర మీద సిరాతో తోకచుక్కనో నక్షత్రగుచ్ఛాన్నో వేసి, దాన్ని రసాయనం పూసిన కాగితం మీద పరిచి ఎండలో పెడతారు. ఎండ తగిలిన చోట ముదురు నీలం, సిరా అడ్డుపడిన చోట తెలుపు. నక్షత్రాల బొమ్మను ఒక నక్షత్రమే, అంటే సూర్యుడే, అచ్చువేస్తున్నాడన్నమాట. ఈ పద్ధతిని జాన్ హెర్షెల్ 1842లో కనుక్కున్నాడు. మరుసటి ఏడాదే ఆనా అట్కిన్స్ సముద్రపు నాచు మొక్కలను నేరుగా కాగితం మీద పెట్టి నీలిముద్రలు తీసి పుస్తకంగా తేవడం మొదలుపెట్టారు. ఫొటోలతో వచ్చిన మొదటి పుస్తకంగా దాన్నే చెబుతారు. ఆమె వృక్షశాస్త్రం తెలిసిన మనిషి. కాబట్టి హాలరన్ ఎంచుకున్న పద్ధతిలోనే మరో శాస్త్రవేత్త కూర్చుని ఉంది.

కొలాజ్ విషయంలో నేను పాతకాలానికి ఒక అడుగు వెయ్యక తప్పదు. మేరీ డెలానీ అనే ఇంగ్లీషు స్త్రీ 72వ ఏట రంగు కాగితాలు కత్తిరించి పూలమొక్కలు చెయ్యడం మొదలుపెట్టింది. పదేళ్ళలో, చూపు మందగించేలోపు, 985 చేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నల్లటి నేపథ్యం, దానిమీద సన్నగా కత్తిరించిన వందల కాగితపు ముక్కలు. ఒక్కొక్క కేసరమూ వేరే ముక్క. కేసరాల లెక్కను బట్టి మొక్కలను వర్గీకరించే లిన్నేయస్ పద్ధతి అప్పుడే వ్యాపిస్తోంది. ఆమె ఆ లెక్క తప్పలేదు. అందం కోసం కేసరం ఒకటి పెంచినా తగ్గించినా మొక్క మరోటి అయిపోతుంది కదా.

తర్వాత బెర్లిన్‌లో హన్నా హోఖ్. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన వెంటనే పత్రికల్లోని ఫొటోలు కత్తిరించి ఆమె చేసిన పెద్ద కొలాజ్‌లో రాజకీయ నాయకులు, యంత్రాల చక్రాలు, నర్తకీమణులతో పాటు ఐన్‌స్టీన్ ముఖం కూడా ఉంటుంది. కొలాజ్ పేరులోనే వంటింటి కత్తి ఉంది. హోఖ్ ఉద్యోగం ఏమిటో తెలుసా? ఒక ప్రచురణ సంస్థలో స్త్రీల పత్రికలకు లేసు, ఎంబ్రాయిడరీ నమూనాలు గియ్యడం. ఆ నమూనా కాగితాలు కూడా ఆమె కొలాజ్‌లలోకి వచ్చాయి. మన కాలానికి వస్తే నైరోబీలో పుట్టిన వంగేచీ ముటు పాత వైద్యగ్రంథాల పుటలను, స్త్రీ గర్భాశయ వ్యాధుల బొమ్మలున్న పుటలను, నేరుగా అడుగున పెట్టి వాటి మీద కళ్ళు, పెదవులు, మెరుపుపొడి అతికించి ముఖాలు చేశారు. స్త్రీ శరీరాన్ని విజ్ఞానం ఎలా చూసిందో ఆ ముఖాలు మనల్ని తిరిగి చూసి అడుగుతాయి. విజ్ఞానం మీద ప్రేమ ఉన్న కళ ఎప్పుడూ దండలే వెయ్యనక్కరలేదు, నిలదీయవచ్చు కూడా.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని దగ్గరికి వచ్చాను.

డైనా తైమిన్య అనే లాత్వియా గణిత శాస్త్రవేత్త అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జ్యామితి బోధించేవారు. కాగితం మీద ఒక సరళరేఖ, దాని బయట ఒక బిందువు ఉంటే ఆ బిందువు గుండా మొదటి రేఖను తాకని రేఖ ఒక్కటే గియ్యగలమని బడిలో చదువుకున్నాం. అతిపరావలయ తలం (హైపర్‌బోలిక్ ప్లేన్) అనే వంపు తిరిగిన తలం మీద అలాంటి రేఖలు లెక్కలేనన్ని గియ్యవచ్చు. త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీల కన్నా తక్కువ వస్తుంది. ఈ తలాన్ని విద్యార్థులకు చూపించడానికి కాగితపు పట్టీలు అతికించి నమూనాలు చేసేవారు. అవి ఇట్టే చిరిగిపోయేవి. 1997లో తైమిన్య చిన్నప్పుడు నేర్చిన క్రోషే, అంటే కొక్కెం సూదితో అల్లే అల్లికతో ఆ తలాన్ని అల్లేశారు. సూత్రం ఒక్కటే: ప్రతి వరుసలోనూ అదే నిష్పత్తిలో కుట్లు పెంచుకుంటూ పోవాలి. ప్రతి 5 కుట్ల మీద 6 వేశారనుకోండి, పై వరుసలోనూ అంతే, ఆ పై వరుసలోనూ అంతే. అంచు పొడవు విపరీతంగా పెరిగిపోతుంది, చోటు చాలక మడతలు పడుతుంది. బతుకమ్మలో పేర్చే సీతమ్మజడ పువ్వును, కొన్నిచోట్ల కోడిజుట్టు పువ్వు అంటారు, చేతిలోకి తీసుకుని దాని అంచు చూడండి. ఆ తలం మీ కళ్ళముందే ఉంటుంది. అల్లిన ముక్కను మడిచి, మడత వెంట రంగుదారం కుడితే అది సరళరేఖ. ఒక బిందువు గుండా అలాంటివి మూడు నాలుగు కుట్టి, ఇవేవీ ఆ రేఖను తాకవని వేలితో తడిమి చూపించవచ్చు. రెండువేల ఏళ్ళ పాటు పెద్ద పెద్ద బుర్రలకు అందని విషయాన్ని విద్యార్థి ఒళ్ళో పెట్టుకుని చూస్తాడు.

ఆస్ట్రేలియాలో పుట్టి లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్న అక్కాచెల్లెళ్ళు మార్గరెట్ వర్దైమ్, క్రిస్టీన్ వర్దైమ్ ఈ అల్లికను అందిపుచ్చుకున్నారు. ఒకరు విజ్ఞాన రచయిత్రి, మరొకరు కళాకారిణి. పగడాలు, సముద్రపు నాచు ఇదే మడతల తీరులో పెరుగుతాయి. వాళ్ళు 2005లో తమ ఇంట్లో క్రోషేతో పగడపు దిబ్బ అల్లడం మొదలుపెట్టారు. నియమం తప్పకుండా అల్లితే లెక్కప్రకారం తలం వస్తుంది. కావాలని కాస్త తప్పితే, ఇక్కడ కుట్లు ఎక్కువ, అక్కడ తక్కువ వేస్తే, కొత్త జీవి పుట్టినట్టు కొత్త రూపం వస్తుంది. ఊరూరా స్త్రీలు చేరి తమ దిబ్బలు తాము అల్లారు. వర్దైమ్‌ల దిబ్బ 2019లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనకు వెళ్ళింది. 2022లో జర్మనీలోని బాడెన్-బాడెన్‌లో పెట్టిన దిబ్బకు సుమారు 4,000 మంది కలిసి 40,000 పైచిలుకు పగడాలు అల్లారు. ఒక దిబ్బ పూర్తిగా తెల్లని నూలుతో ఉంటుంది. సముద్రం వేడెక్కితే పగడాలు తమలో ఉండే రంగు శైవలాలను బయటికి తోసేసి పాలిపోతాయి, అది ఆ తెలుపు. మరో దిబ్బను ప్లాస్టిక్ సంచులు, పాత వీడియో టేపులతో అల్లారు. ఇది శిల్పమా, కొలాజా, గణితమా, సముద్రం కోసం పెట్టిన మొరా? అన్నీ. తైమిన్య ముఖం అందులో ఎక్కడా లేదు. ఆమె ఆలోచన మాత్రం ప్రతి కుట్టులో ఉంది.

ఇది మనకు అంత దూరం సంగతేమీ కాదు. పశ్చిమ గోదావరిలో నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో స్త్రీలు 19వ శతాబ్దం నుంచీ ఇదే క్రోషే అల్లుతున్నారు, మిషనరీల దగ్గర నేర్చుకుని. మనం లేసు అంటాం. కొక్కెం ఉన్న సూది, తెల్ల నూలు, అరుగు మీద కూర్చుని కళ్ళు పెట్టకుండానే కుట్లు లెక్కపెట్టే వేళ్ళు. ఆ లేసు ఎన్నో దేశాలకు ఎగుమతి అయింది, అల్లినవాళ్ళకు దక్కింది ముక్కకు ఇంత అనే కూలి. వాళ్ళ పనిని తీరిక వేళ చేసుకునే పనిగా, వాళ్ళను ఉత్త గృహిణులుగా లెక్కవేశారు. హాడ్జ్‌కిన్‌కు ఆ శీర్షిక పెట్టిన చూపూ, ఈ చూపూ ఒక్కటే. ఒక వరుసలో ఎన్ని కుట్లు పెంచితే బల్లగుడ్డ చదునుగా పరుచుకుంటుందో, ఎన్ని పెంచితే అంచు మడతపడుతుందో నరసాపురం స్త్రీకి వేళ్ళకొనల్లో తెలుసు. తైమిన్య ఆ జ్ఞానానికి సమీకరణం రాశారు. నరసాపురంలో ఒక పగడపు దిబ్బ లేవాలనీ, అల్లిన ప్రతి మనిషి పేరూ దాని పక్కన రాయాలనీ నాకు ఎంత కోరికో చెప్పలేను. మీలో ఆ వైపు వాళ్ళుంటే ఆలోచించండి.

ఒక హెచ్చరిక చేసి ముందుకు వెళ్తాను. డిఎన్‌ఎను ఎక్స్‌కిరణాలతో పరిశీలించిన శాస్త్రవేత్త రోజాలిండ్ ఫ్రాంక్లిన్ పేరెత్తగానే అందరూ డిఎన్‌ఎ ఆకారంలో మెలితిరిగిన నిచ్చెన పెట్టేస్తారు. స్టీలు నిచ్చెన, గాజు నిచ్చెన, ఆసుపత్రి ముందు సిమెంటు నిచ్చెన. ఫ్రాంక్లిన్ చేసిన పనేమిటో అది చెప్పదు. డిఎన్‌ఎ పోగు చుట్టూ గాలిలో తేమను ఆమె జాగ్రత్తగా నియంత్రించారు. తేమ తగ్గితే ఒక రూపం, పెరిగితే పోగు సాగి మరో రూపం అని తేల్చారు. 1952 మేలో విద్యార్థి రేమండ్ గాస్లింగ్‌తో కలిసి తీసిన ప్రసిద్ధ ఫొటో ఆ తడి రూపానిది, దానికి 60 గంటలకు పైగా ఎక్స్‌కిరణాలు పట్టాల్సి వచ్చింది. తేమకు సాగి ముడుచుకునే పదార్థాలు శిల్పులకు తెలియనివా? కొయ్య ఉంది, తోలు ఉంది, చేత్తో చేసిన కాగితం ఉంది. వానాకాలంలో ఒకలా, వేసవిలో ఒకలా ఉండే శిల్పం ఎవరైనా చేస్తే అది ఫ్రాంక్లిన్‌కు తగిన స్మారకం అవుతుంది.

చివరగా మన మనిషి ఒకామె. అయ్యలసోమయాజుల లలిత, భారతదేశపు తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరు. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనేళ్ళకు పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకే చంటిపిల్లతో వితంతువు. తండ్రి గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో ఆచార్యులు, ఆయన అండతో అక్కడ చేరి 1943లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్నారు. అప్పటిదాకా అచ్చైన పట్టాలన్నీ పురుషుల కోసమే కాబట్టి ‘అతడు’ అన్న చోట చేత్తో కొట్టేసి ‘ఆమె’ అని రాసి ఇచ్చారు. తర్వాత కలకత్తాలో ప్రసార లైన్లు, సబ్‌స్టేషన్ల అమరిక, రక్షణ పరికరాల రూపకల్పన మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. భాక్రా నంగల్ జనరేటర్లలోనూ ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్ళారు. 1979లో కన్నుమూశారు.

ఆమెకు విగ్రహం పెట్టమని ఎవరైనా అడిగితే పెట్టండి, తప్పకుండా. కానీ అంతకుముందు ఆ కొట్టివేత ఉన్న పట్టాను చూడండి. అది తనంతట తనే ఒక కొలాజ్. ట్రాన్స్‌ఫార్మర్ విప్పితే లోపల పలచని ఉక్కు రేకులు వందలుగా పేర్చి, వాటి చుట్టూ రాగితీగ చుట్టి ఉంటుంది. పాత ఇనప సామాన్ల కొట్లలో కిలోల లెక్కన దొరుకుతాయి అవి. సబ్‌స్టేషన్ పటంలో ఏ తీగ ఎక్కడ తెగితే ఏ స్విచ్చు పడాలో గీతల్లో ఉంటుంది. ఇంజినీర్లు తమ పటాలకు నకళ్ళు తీసుకున్నది చాలాకాలం ఆనా అట్కిన్స్ నాచుమొక్కలకు వాడిన ఆ నీలిముద్రతోనే. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్, నీళ్ళు, ఎండ. ఖర్చు తక్కువ, ఎండకు మన దగ్గర కొదవ లేదు. లలిత మీద పనిచెయ్యాలనిపించినవాళ్ళు ఈ సభ అయ్యాక వెళ్ళిపోకుండా ఉండండి. కాగితానికి రసాయనం ఎలా పుయ్యాలో, ఎండలో ఎంతసేపు ఉంచాలో ఇక్కడే చేసి చూద్దాం.